తమీన్‌లో చుట్టిన కార్బురేటర్

తామ్వేలో మా డాబా మీద నేను కడుతున్న విమానం సగం యాంగోన్‌కి నీడనిచ్చేది. దానికి కార్బురేటర్ ఒక్కటే తక్కువ. విదేశం నుంచి తెప్పించిన ఆ ముక్కతో బస్సెక్కాను. బర్మాలో సైనిక తిరుగుబాటు రోజులు, టపా బంద్. ఇది పోతే మరొకటి రాదు. దారిలో సైనికుల తనిఖీ.

“నా విమానం ముక్కంటే నమ్మరు, ఇనుము చూస్తే బాంబంటారు,” అని తెలుగులో గొణిగాను.

“ఇటు తే బాబూ,” అంది పక్కసీటు ముసలమ్మ. సంచిలోంచి తన తమీన్, అదే ఆడవాళ్ళ లుంగీ, తీసి కార్బురేటర్‌ని అందులో చుట్టేసింది. తమీన్ ముట్టినా, దాని కింద నడిచినా మగవాడి మహిమ పోతుందని ఇక్కడి నమ్మకం. మూట విప్పబోయిన సైనికుడు నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

దిగేటప్పుడు దాన్ని విప్పడానికి నా చేతులూ రాలేదు.

“ఏటి బాబూ, ఆకాశంలో ఎగిరేవోడివి, గుడ్డకి బయపడతావా?” అంది ముసలమ్మ.

విప్పాను. విమానం సంగతి తర్వాత. ఆ సాయంత్రమే మా ఆవిడ తమీన్‌లు ఆరేసిన తీగ కింద నుంచి తలెత్తుకుని నడిచాను.