ఆగమ్మ మడమ కట్టు

ఆగమ్మ ఎడమ మడమలో తూటా ఉందని మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని చూశామనేవాళ్లు కూడా ఉన్నారు; చింతగింజంత ఉందట, చలికాలంలో చర్మం కింద కదులుతుందట. కూరగాయల బజారులో కూర్చునే ఒక పెద్దమనిషి అయితే, ఆమె నిజాం మీద తిరగబడ్డ దళం వాళ్లకు చీటీలు మోసిందనీ, రేగోడ్ దారిలో పరిగెత్తుతుంటే వెనక నుంచి కాల్చారనీ తారీఖుతో సహా చెబుతాడు. ఆగమ్మ తన జన్మలో రేగోడ్ దారి పట్టలేదు. ఆ మడమలోకి ఏ తూటా దిగలేదు. వచ్చింది ఉత్త నొప్పి. ఆ నొప్పికి చేసిన వైద్యమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు గనుక, ఉన్నదున్నట్టు చెప్పడం మంచిది.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. రజాకార్లు వస్తున్నారంటే పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలేసి జనం తలుపులు వేసుకునే రోజులు. ఆగమ్మకు ముప్పై దాటాయి. భర్త ఎల్లం మనోహరాబాద్ స్టేషన్‌లో మూటలు మోసి నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. ఆగమ్మ దొర కోటలాంటి గడీలో కూలి లేని వెట్టికి నీళ్లు మోసేది. బావి దగ్గర్నుంచి వంటింటి దాకా, అక్కడి నుంచి పశువుల కొట్టం దాకా పరిచిన బండలు. నెత్తి మీద బిందె, చంకలో కడవ, వట్టి కాళ్లు. రోజుకు నలభై తిరుగుళ్లకు తక్కువ ఉండేవి కావు.

ఉగాది వెళ్లిన కొత్తలో నొప్పి మొదలైంది. తెల్లవారి లేచి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు దిగినట్టుండేది. ఓ పది అడుగులు వేస్తే కాస్త సర్దుకునేది. కూర్చుని లేస్తే మళ్లీ మేకు. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు పరిచి మడమ ఆనించింది. ఉప్పు మూటతో కాపడం పెట్టింది. ఆముదం రుద్దింది. చివరికి పక్క మీది నుంచి గుమ్మం దాకా పాక్కుంటూ పోయే రోజులు వచ్చాయి. పొద్దెక్కేసరికి నీళ్లు చేరకపోతే గడీ మనిషి వెంకట్రాములు ఆమె ఇంటి ముందుకు వచ్చేవాడు. తిట్టేవాడు కాదు. ఊరికే నిలబడేవాడు. ఆ నిలబడటానికే ఆగమ్మ కుంటుకుంటూ బిందె అందుకునేది.

పక్కింటి దానమ్మ మిషన్ దవాఖానలో ఆయా. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది.

"రేపు నాతోని రా. డాక్టరమ్మకు చూపిస్త," అంది.

"నేనొస్తే నీళ్లెవరు మోస్తరక్కా?"

"నీ కాలు పడిపోతె ఎవరు మోస్తరు? అది చెప్పు ముందుగాల."

డాక్టరమ్మ తెల్ల మనిషి. వచ్చీరాని తెలుగు. ఆగమ్మ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని మడమ లోపలి పక్క బొటనవేలితో నొక్కింది. ఆగమ్మ ఎగిరిపడింది. డాక్టరమ్మ తల ఊపి, ఎముక విరగలేదనీ, పుండు లేదనీ చెప్పింది. మడమ నుంచి వేళ్ల దాకా పాదం కింద గట్టి పట్టీలాంటిది ఒకటి ఉంటుందట; బండల మీద బరువు మోసీ మోసీ అది సాగి, చీలి, వాచిందట. తమ దేశంలో రోజంతా నిలబడే పోలీసులకు ఎక్కువగా వస్తుందనీ, అందుకే పోలీసు మడమ అంటారనీ నవ్వుతూ అంది.

ఆగమ్మకు పోలీసు అన్న మాటొక్కటే వినబడింది. "నేను పోలీసోల్ల జోలికి పోలేదమ్మా, ఒట్టు," అంది.

మందు పెద్దగా ఏమీ లేదు. పక్క దిగకముందే తువ్వాలు వేళ్లకు తగిలించి పాదాన్ని తన వైపు లాగాలి. సీసాలో చల్లటి నీళ్లు పోసి పాదం కింద అటూ ఇటూ దొర్లించాలి. గోడకు చేతులు ఆనించి, మడమ నేల నుంచి లేవకుండా పిక్క సాగేలా నిలబడాలి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, వట్టి కాలు నేల మీద పెట్టకూడదు. ఇంట్లో కూడా మెత్తటి అట్ట ఉన్న చెప్పులే వేసుకోవాలి.

ఆ మాటతో ఆగమ్మ దానమ్మ ముఖం చూసింది. దానమ్మ నేల చూసింది.

గడీ బురుజు కనబడితే చాలు, వెట్టి వాళ్లెవరైనా చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. గడీ లోపల ఆ మాటే లేదు. అంతకు రెండేళ్ల ముందు మరిచిపోయి నాలుగడుగులు లోపలికి వేసిన ఒక ముసలాయన, ఆ చెప్పులనే నెత్తిన పెట్టుకుని బజారంతా తిరగాల్సి వచ్చింది. ఆగమ్మ కళ్లారా చూసింది. ఆయన ఆ వారమే ఊరు విడిచిపోయాడు.

ఉపాయం దానమ్మదే. పాత గొంగడి ముక్క నాలుగు మడతలు వేసి, తోలు మీద పెట్టి కుట్టింది. దాన్ని ఆగమ్మ అరికాలికి ఆనించి, పైన గుడ్డపేలికలు చీలమండ దాకా చుట్టింది. చూసేవాళ్లకు అది కట్టు, కట్టుకున్న కాలికి చెప్పు.

"అడిగితే ముల్లు దిగి చీము పట్టిందని చెప్పు."

"దొర ఇప్పుమంటే?"

"చీము చూస్తనంటడా దొర? వాంతి చేసుకుంటడు."

నెల రోజులు గడిచాయి. పొద్దున తువ్వాలు లాగుడు, పొద్దుమూకి సీసా దొర్లించుడు. మేకు కాస్తా ముల్లయింది. కానీ దొర అరుగు మీద కనబడినప్పుడల్లా ఆగమ్మకు ఆ కట్టు పాదమంత కాదు, కట్టెల మోపంత ఉన్నట్టనిపించేది. బిందె తొణికి నీళ్లు కట్టు మీద పడితే తోలు వాసన వస్తుందేమోనని ఊపిరి బిగబట్టేది.

ఇద్దరూ ఆలోచించనిది ఒకటుంది. ఆ రోజుల్లో కాలికి కట్టున్న మనిషికి చెప్పున్న మనిషి కంటే ఎక్కువ గండం.

ఆషాఢంలో ఒక పొద్దున, ఎక్కడో కాల్పులు జరిగాయనీ, కాలికి దెబ్బతగిలిన మనిషి ఒకరు ఊళ్లోకి జొరబడ్డారనీ పుకారు లేచింది. మధ్యాహ్నానికి ఖాకీ బట్టల వాళ్లు నలుగురు తుపాకులతో గడీకి వచ్చారు. వాళ్లెవరని అడిగే ధైర్యం ఎవరికుంది? దొర అరుగు మీద వాళ్లకు చాయ్ ఇప్పించాడు. ఆగమ్మ బిందెతో బండల నడుమ ఉంది. వెనక్కి తిరిగితే అనుమానం, ముందుకు పోతే వాళ్ల కళ్ల ముందే కుంటాలి. ముందుకే పోయింది.

"ఏయ్. కాలికేంది?" అన్నాడు ఒకడు.

"ముల్లు దిగింది బాంచెన్."

"ముల్లుకు ఇంత పట్టీ కట్టిన్రా? నీ మొగడేడున్నడు?"

"మనోహరాబాద్ల, మూటలు మోస్తడు."

"మూటలో, తుపాకులో. ఖోల్. ఇప్పు పట్టీ."

బిందె దించింది. కూర్చుంది. ఇప్పకపోతే అది తూటా దెబ్బే, బండెక్కించి తీసుకుపోతారు. పోయినవాళ్లు ఎక్కడికి పోయారో తర్వాత చెప్పినవాళ్లు లేరు. ఇప్పితే చెప్పు బయటపడుతుంది, అదీ దొర కాళ్ల ముందే. చేతులు ముడి దగ్గరికి పోయి ఆగాయి. గేటు బయట జనం పోగయ్యారు. వాళ్లకు తుపాకీ, ఆమె వీపు, కట్టు కొస మాత్రమే కనబడుతున్నాయి. ఖాకీ మనిషి తుపాకీ మడమతో ఆమె మోకాలు తట్టాడు.

ముడి విప్పింది. ఒక్కో పేలికా ఊడదీసి పక్కన పెట్టింది. చివరి చుట్టు విడగానే తోలు ముక్క బండ మీద పడింది. ఖాకీ మనిషి ఆమె పాదాన్ని తిప్పి చూశాడు. చీము లేదు, గాయం లేదు. తోలు ముక్కను తుపాకీ కొనతో లేపి, పక్కవాడికి చూపించి నవ్వాడు. "చప్పల్ దాచుకుంది రా." మిగతా చాయ్ తాగి వాళ్లు వెళ్లిపోయారు.

దొర నవ్వలేదు. బండ మీది తోలు ముక్కనే చూశాడు.

"ఎన్ని దినాల సంది?"

"నెల... నెల దాటింది బాంచెన్. దవాఖానల చెప్పిన్రు."

"నెల సంది నా వాకిట్ల చెప్పుతోని తిరిగినవన్న మాట." వెంకట్రాముల వైపు తిరిగాడు. "దాన్ని పొయ్యిల పారెయ్. రేపటి సంది ఇంకో ఇరవై బిందెలు ఎక్కువ."

ఇరవై బిందెలూ వట్టి కాళ్లతోనే మోసింది. వారంలో ముల్లు మళ్లీ మేకయింది. పక్క మీద తువ్వాలు లాగుతూ నోట్లో కొంగు కుక్కుకునేది. రోజూ భయమే: ఇంతటితో అయిపోయిందా, చెప్పులు నెత్తిన పెట్టే రోజు ముందుందా? గేటు బయట చూసినవాళ్లు మాత్రం తమకు తోచినట్టు కలుపుకున్నారు. కట్టు విప్పించారు, ఆ తర్వాత ఆమె ఇంకా ఎక్కువ కుంటుతోంది, కనుక తూటా ఉన్నట్టే. అక్కడ పుట్టింది ఆ మాట.

సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ వచ్చింది. అయిదు రోజుల్లో అంతా మారింది. దొర పెట్టె సర్దుకుని కారులో పట్నం పోయాడు. దానమ్మ మరో తోలు అట్ట కుట్టి, ఈసారి పైన గుడ్డ లేకుండా తోలు పట్టీ పెట్టి ఇచ్చింది. ఆగమ్మ వేసుకుంది. తాళం వేసిన గడీ ముందుకు రాగానే విప్పి చంకలో పెట్టుకుంది. దాటాక మళ్లీ వేసుకుంది. ఆ అలవాటు పోవడానికి మడమ నొప్పి పోవడం కంటే ఎక్కువ కాలం పట్టింది.

దవాఖానలోనే నీళ్లు పోసే పని దొరికింది, ఈసారి జీతానికి. మళ్లీ ఉగాదికల్లా పొద్దున మొదటి అడుగు మామూలుగా పడింది. రెండో అడుగు వేయకుండా అక్కడే నిలబడి, నొప్పి వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, దానమ్మ ఇంటి ముందు ఇద్దరూ కూర్చుని బియ్యం ఏరుతున్నారు. దానమ్మ మనసులో ఆనాటి నుంచి ఒక ప్రశ్న నలుగుతోంది. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నిజం చెప్పు ఆగవ్వా. ఆ దినం కట్టు ఇప్పేటప్పుడు ఎవరికి ఎక్కువ భయపడ్డవే? తుపాకికా, దొరకా?"

ఆగమ్మ చేటలో రాయి ఏరి పక్కన పెట్టింది.

"ఇద్దరూ యాదికి లేరక్కా. కట్టు ఇప్పినంక ఉత్త మడమ ఆ బండ మీద పెట్టి లేవాలె గద. గదొక్కటే భయం."