సన్నాయి పోయి డీజే వచ్చింది

ఆ రోజుల్లో తుబ్లీలోని మా క్యాంపు గదిలో ఎవరూ ఒంటరిగా ఏదీ కొనేవారు కాదు. చెప్పులు కొన్నా, ఇంటికి పంపే దుప్పటి కొన్నా, శుక్రవారం గదంతా కదిలి మనామా బజారుకు వెళ్లాలి, ఆ వస్తువు అందరి చేతులూ మారాలి, చివరికి గదిలో అందరికంటే పాతవాడు, మేం పెద్దన్న అని పిలిచే ఆయన తల ఊపాలి. బహ్రెయిన్‌కు కొత్తగా వచ్చిన నాకు అదంతా ప్రేమగానే తోచేది. సొంత బుద్ధితో ఒక్క వస్తువు కొనుక్కునే హక్కు మాలో ఎవరికీ లేదని తర్వాతెప్పుడో తెలిసింది. (నీకు సొంత బుద్ధి ఎప్పుడుందని మా ఆవిడ అడుగుతుంది, అది వేరే సంగతి.)

మా ఆవిడ ఊళ్లో బీడీలు చేస్తుంది. మా వైపు ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లకు అదే పని. పొద్దంతా ఒళ్లో చాట, చాటలో తంబాకు పెట్టుకుని కూర్చునే ఆ మనిషే, నేను విమానం ఎక్కేముందు నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, పొగ తాగనని ఒట్టు వేయించుకుంది. నువ్వు చేసేదే కదా, నేను తాగితే తప్పేమిటని అడిగాను. "చేసుడు ఏరు, తాగుడు ఏరు. మా అయ్య దగ్గి దగ్గి వోయిండు, సూడలే నువ్వు?" అంది. చూశాను కాబట్టి ఒట్టు వేశాను. కానీ ఇక్కడికొచ్చి, సైటు మీద చాయ్ తాగాక పక్కవాడు సిగరెట్టు ముట్టిస్తే నా నోరు పీక్కుపోయేది. అప్పుడు దొరికింది సన్నాయి. వేలెడంత కరెంటు సిగరెట్టు అది, గదిలోవాళ్లు పెట్టిన పేరు సన్నాయి. పుదీనా వాసన, కనిపించీ కనిపించని పొగ. అందులో ఆకు లేదు, నిప్పు లేదు, కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. శుక్రవారం వీడియోలో ఆమెతో మాట్లాడుతూ కూడా పీల్చేవాణ్ని, ఆమెకు తెలిసేది కాదు.

ఒకసారి మనామాలోని నయీమ్ వాడలో ఎప్పుడూ వెళ్లే దుకాణానికి వెళ్తే మలయాళీ భాయ్ చేతులు దులిపేశాడు. "ఖలాస్ భాయ్. కంపెనీ బనానా బంద్ కియా." కంపెనీ వాళ్లు సన్నాయిని తయారు చేయడమే మానేశారట. నా ప్రాణం ఉసూరుమంది. నా దగ్గరున్న సన్నాయి అప్పటికే కొన ఊపిరితో ఉంది. సెలవు దగ్గరపడుతోంది. అది ఆగిపోతే నేను మళ్లీ సిగరెట్టు ముట్టుకుంటాను, ముట్టుకుని ఇంటికి పోతే, వాకిట్లో చెప్పులు విడవకముందే ఏ రకం సిగరెట్టో చెప్పగల ముక్కు మా ఆవిడది. పైగా ఒట్టు ఆమె నెత్తి మీదిది. ఆమెకేమైనా అయితేనో అని నిజంగానే భయం వేసింది.

గదికొచ్చి గోడు వెళ్లబోసుకున్నాను. అంతే, ఆ శుక్రవారం దండు బయలుదేరింది. నేను సన్నాయికి చెల్లెలిలాంటిది ఒకటి చూసి పెట్టుకున్నాను గానీ, పెద్దన్న దాన్ని అరచేతిలో వేసుకుని పెదవి విరిచాడు. సూట్‌కేసు నుంచి టార్చిలైటు దాకా ఆయన ఏ సామానునైనా బరువుతోనే ఎంచేవాడు. "వట్టుకుంటే చేతికి తెల్వాలెరా. గిది గాలికి కొట్కపోతది," అని తేల్చేశాడు. మా గదిలో ఎలక్ట్రిషియన్ ఒకడుండేవాడు, కరెంటు బావ అనేవాళ్లం. అతనికి బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత మంచిది. దీంతో ఫోను చార్జింగ్ చేసుకోవచ్చా అని దుకాణం భాయ్‌ని అడిగాడు. ఇద్దరూ కలిసి ఇటుకలో సగం ఉన్నదాన్ని పట్టుకొచ్చారు. మీట నొక్కితే ఎర్ర, పచ్చ లైట్లు వెలిగాయి. పెద్దన్న మురిసిపోయి, మామిడిపండు వాసన కూడా తానే ఎంచాడు. (ఆ ఏడు ఆయన మామిడికాయల కాలానికి ఇంటికి పోలేకపోయాడు.) కొనాల్సింది నేనన్న సంగతి మలయాళీ భాయ్‌కి సంచీ చేతికిచ్చే ముందు తెలిసింది. బస్సు దిగేలోగా దానికి డీజే అని పేరు పడిపోయింది.

గదికి రాగానే మా ఆవిడ కాల్. అలవాటు చొప్పున మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక దమ్ము లాగి ముక్కులోంచి వదిలాను. ఇక చూడండి, గదిలో మేఘం దిగింది. ఫోనులో నా మొహం మాయమైంది. అవతల మా ఆవిడ గదికి నిప్పంటుకుందని కేకపెట్టింది, అరుగు మీది ఆడవాళ్లంతా చాటలు పక్కనపెట్టి ఫోను చుట్టూ మూగారు. పెద్దన్నే పొగలోంచి తల పెట్టి, "ఏం లేదు చెల్లె, శుక్రారం గదా, సాంబ్రాణి ఏసినం," అన్నాడు. ఆమె ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుని, ఏదీ దేవుణ్ని చూపించమంది. కరెంటు బావ బియ్యం బస్తాల మీద వేలాడుతున్న కిరాణా కొట్టు క్యాలెండర్‌ను నాలుగు చేతులున్నవాడిలా సర్ది, ఫోను లక్ష్మీదేవి వైపు తిప్పాడు. అరుగంతా దండం పెట్టుకుంది.

ఆ అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి శుక్రవారం కాల్ రాగానే సాంబ్రాణి వేయమంది, నిజం సాంబ్రాణి తెచ్చి వేశాం. తర్వాత మంగళవారం కూడా అంది. ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగి స్నానం చేసి దీపం పెట్టమంది, తను చూస్తుందట. పగలు సైటు మీద ఇంజినీరు డీజేని చూస్తే ఊరుకోడు, సాయంత్రమంతా దేవుడి ముందు కూర్చోవడం, ఆపైన అలసిపోయి నిద్ర. డీజే చార్జింగ్ లేక పెట్టెలో పడి ఉండేది. సన్నాయి కూడా ఊపిరి వదిలేసింది. నోరు పీకడం ఎప్పుడు మానిందో నాకే తెలియదు. దసరాకు కరెంటు బావ డీజేని బయటకు తీసి, పటం పక్కన రంగు దీపంలా పెట్టాడు. దానికి తగిన పని అదే.

సెలవుకు వెళ్లే ముందు, మామిడి వాసన మిగిలి ఉంటుందేమోనని బట్టలన్నీ ఉతికి సాంబ్రాణి పొగ పట్టించాను. ఇంట్లో మా ఆవిడ సూట్‌కేసు తెరిచి, ఒక చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఏమైందని అడిగాను.

"సాంబ్రాణి పొగ ముక్కులకెళ్లి బయటికొస్తదా? గా మొదటి దినమే సూసిన," అంది.

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితె ఇంకో అబద్ధమాడుదువు. దేవుని ముంగట కూసుంటే గంతసేపన్న తాగవు గదా అని ఊకున్న."

నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నేను ఆమెను మోసం చేస్తున్నాననుకుని రోజూ వెలిగించిన దీపం, ఆమె నా కోసం పెట్టించిన దీపమన్నమాట.

పెద్దన్న, కరెంటు బావ ఊళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడు గదిలో పెద్దన్నను నేనే, కొత్తవాళ్లు చెప్పులు తెస్తే అరచేతిలో వేసుకుని బరువు చూస్తున్నాను. సన్నాయి నా పెట్టె మూలలో ఉంది, పారేయబుద్ధి కాలేదు. శుక్రవారం సాంబ్రాణి తప్పదు. పొగ కాస్త చిక్కబడిందంటే చాలు, ఫోనులోంచి ఆమె గొంతు ఇప్పటికీ అదే మాట అంటుంది: "జర ముక్కు కనవడేటట్టు కూసో."