ఎడమ వైపు బంపర్

మా ఆయన కారు నడిపే రోజుల్లో మేము నేరేడ్‌మెట్‌లో ఉండేవాళ్లం. నేను తిరుమలగిరిలోని ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆయన తన కారును మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దెకు పెట్టారు. పొద్దున్నే బొల్లారంలో మొదలుపెట్టి, దారి పొడవునా ఉద్యోగుల్ని ఎక్కించుకుని ఆఫీసు దగ్గర దించేవారు. అప్పట్లో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా మెడలో కార్డు వేసుకున్న పిల్లలే. వాళ్ల హడావుడిలో మాకూ ఒక వాటా ఉందన్నట్టు ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరేవారు.

ఆ ఏడు వానలు తగ్గాక కారు ముందు బంపర్ ఎడమ కొస ఊడి వేలాడసాగింది. "పార్కింగులో ఎవడో తగిలించి పోయాడు" అన్నారు. తాడుతో కట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. కంపెనీలో బళ్లు చూసే అతను, బంపర్ వేలాడే బండి ఆఫీసు గేటు ముందుకు రావద్దన్నాడు. ఆ సాయంత్రం నన్ను స్కూలు దగ్గర ఎక్కించుకుని, కార్ఖానా ఏరియాలో తెలిసిన డెంటింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకువెళ్లారు.

మేస్త్రీ కింద కూర్చుని బంపర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు.

"స్క్రూలు పట్టే బొక్కలే పగిలినయ్ అన్నా. రెండు సుత పోయినయ్. కొత్తది ఏసుకో."

"కొత్తదెందుకు? నేనే ఇంట్లో అతికించుకుంటా."

"గట్లనే చెయ్యి. కానీ ఇది ఒక్కపారి తగిలింది కాదు. గీతలు జూడు, పాతవి, కొత్తవి, అన్నీ ఈ పక్కనే ఉన్నయ్."

మా ఆయన అతికించడానికి ఏం కావాలో అడిగారు. మేస్త్రీ మూలన పడి ఉన్న ఒక పాత బంపర్‌లోంచి ముక్క కోసి ఇచ్చాడు. అదే రకం ప్లాస్టిక్ అయితేనే కలిసి కరుగుతుందట, బకెట్ ముక్కలు పెడితే అతుక్కోదట.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వరండాలో పాత దుప్పటి పరిచి పనికి కూర్చున్నారు. బంపర్ బోర్లా పడుకోబెట్టి, కదలకుండా నన్ను పట్టుకోమన్నారు. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కాక సన్నని స్టీలు జాలీ ముక్కను పగులు మీద పెట్టి ఒత్తారు. ప్లాస్టిక్ మెత్తబడి జాలీని మెల్లగా లోపలికి తీసుకుంది. గొంతులో పట్టేసే వాసన వచ్చింది. దాని మీద మేస్త్రీ ఇచ్చిన ముక్కను సన్నగా చీల్చి కరిగిస్తూ పొర మీద పొర వేశారు. చల్లారాక, కాల్చిన మేకుతో మధ్యలో రంధ్రం చేశారు. మొదటి రంధ్రం చక్కగా వచ్చింది. ఆయన ముఖం చాలా రోజుల తర్వాత తేటగా కనిపించింది.

రెండోదానికి వచ్చేసరికి, "ఆ వాషర్ ఇలా ఇవ్వు" అన్నారు.

"మీ పక్కనే ఉంది కదండీ."

"ఎక్కడ?"

"మీ ఎడమ మోకాలి దగ్గర."

దుప్పటి మీద చేత్తో తడిమారు. చెయ్యి పోయి వేడి ఐరన్‌కి తగిలింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నారు. నేను లేచి చల్లటి నీళ్లు తెచ్చి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. ఆయన తిరగలేదు. గ్లాసును ఆయన చెవి దగ్గరికి చాపాను. చూపు బంపర్ మీదే ఉంది. గ్లాసు మెల్లగా ముందుకు జరిపాను. ముక్కు ముందుకు వచ్చాక గానీ "ఏంటి?" అనలేదు.

"ఎప్పటి నుంచండీ?"

"ఏది?"

"ఈ పక్క కనపడకపోవడం."

వేలు నీళ్లలో ముంచారు. "వానాకాలం ముందు నుంచి. మొదట్లో కారు అద్దం మురికనుకున్నాను. రోజూ తుడిచేవాణ్ణి."

ఆయన మళ్లీ ఐరన్ అందుకుని రెండో రంధ్రం కూడా పూర్తి చేశారు. బంపర్‌ను కారుకు బిగించి, రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగి చూపించారు. "చూశావా, ఎలా కూర్చుందో!" అన్నారు. నేను తల ఊపాను.

కళ్ల డాక్టరు పరీక్షించి నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు. ఎడమ కంట్లో నరం దాదాపు ఎండిపోయిందని, కుడి కంట్లోనూ మొదలైందని చెప్పారు.

"దాన్ని అతికించడానికి ఏమీ లేదా డాక్టరు గారూ?" అని అడిగారు మా ఆయన.

"లేదండీ. పోయిన చూపు రాదు. ఉన్నది కాపాడుకోవడానికి చుక్కలు వెయ్యాలి. కారు మాత్రం ఇక నడపకండి."

కంపెనీకి జ్వరమని కబురు పెట్టారు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, "ఒక్కసారి నడిపి చూస్తాను. ఎడమ పక్క ఏం వస్తుందో నువ్వు చెబుతుంటే చాలు" అన్నారు. వద్దన్నాను. బతిమాలారు. ఆయన నన్ను బతిమాలడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. బొల్లారంలో బళ్లు తిరగని కంటోన్మెంటు రోడ్డుకు మెల్లగా తీసుకెళ్లారు. నేను పక్కన కూర్చుని "సైకిలు... గోడ... గేదె..." అంటూ చెబుతున్నాను. కాసేపు బాగానే సాగింది. అంతలో ఎడమ పక్క సందులోంచి టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఒకావిడ రోడ్డు మీదికొచ్చింది. నా నోట కేక తప్ప మాట రాలేదు. బ్రేకు పడేసరికి ఆవిడ బంపర్‌కు జానెడు దూరంలో ఉంది. క్యారియర్ కింద పడి అన్నం రోడ్డు పాలైంది.

"ఏందయ్యా, కండ్లు కనిపిస్తలెవ్వా?" అని అరిచింది.

ఆయన కారు దిగి ఆవిడ ముందు నిలబడ్డారు. "కనిపించడం లేదమ్మా" అన్నారు.

ఆవిడ కోపం అక్కడే ఆగిపోయింది. ఒకసారి ఆయన వంక, ఒకసారి నా వంక చూసింది. "ఇంటికి పో సారూ, జెర పైలం" అని, ఖాళీ క్యారియర్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆయన తాళాలు నా చేతిలో పెట్టారు. నాకు కారు నడపడం రాదు. గోడ పక్కన దాన్ని అలాగే వదిలేసి బస్సెక్కి ఇంటికొచ్చాం. మర్నాడు మేస్త్రీ వెళ్లి తెచ్చాడు. నెల తిరక్కుండానే ఆ కారును ఇంకో డ్రైవరు కొనుక్కున్నాడు.

సంగతి తెలిశాక కంపెనీవాళ్లు, పాత మనిషని, డ్రైవర్లకు ఫోన్లు చేసే పని ఇచ్చి చూశారు. కంప్యూటర్ తెర మీద ఎడమ వరసలో ఉన్న పేర్లు ఆయనకు తప్పిపోయేవి. ఒకరోజు ఒకమ్మాయిని ఎక్కించుకోవడానికి బండే వెళ్లలేదు. పాపం ఆ అమ్మాయి వీధి చివర ఎంతసేపు నిలబడిందో. కబురు చేసేదాకా రావద్దని మర్యాదగానే చెప్పారు. ఆ కబురు రాలేదు.

చుక్కలు వేస్తూనే వచ్చాం. కుడి కన్ను కూడా కొద్దికొద్దిగా తగ్గుతూనే పోయింది. నేను స్కూలుకు బయలుదేరుతుంటే గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చేవారు. "బస్సెక్కాక ఫోన్ చెయ్యి" అనేవారు. చేసేదాన్ని. సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కరూ ఏం చేస్తుంటారో నేను అడిగేదాన్ని కాదు, ఆయనా చెప్పేవారు కాదు.