కదలని ఫోటో

2001లో మేడ్చల్ బస్టాండు వెనక వీధిలో, ఒక కిరాణా దుకాణం పైగదిలో నా కేబుల్ టీవీ ఆఫీసు ఉండేది. డాబా మీద మూడు డిష్‌లు, గదిలో నాలుగు వీసీఆర్‌లు, గోడనిండా వైర్లు. సిగ్నల్ పట్టి ఊళ్లకు పంపే ఇలాంటి గదిని మా వృత్తిలో హెడ్‌ఎండ్ అంటారు. అక్కడి నుంచి స్తంభాల మీదుగా అత్వెల్లి దాకా, ఆ దారిలో కొత్తగా లేచిన కాలనీల దాకా నా తీగ వెళ్లేది. ఎవరింట్లో బొమ్మ సరిగా రాకపోయినా తిట్లు నాకే వచ్చేవి.

మాకు సొంతంగా ఒక లోకల్ ఛానల్ కూడా ఉండేది. పుట్టినరోజులకు బెలూన్ల మధ్య పిల్లల ఫోటో పెట్టి హుషారు పాట వేసేవాణ్ణి. ఎవరైనా పోతే తెర నిండా వాళ్ల ఫోటో పెట్టి, వెనక సన్నగా వేణువు క్యాసెట్ వేసేవాణ్ణి. అలా తెర మీద నిలిపి ఉంచే బొమ్మను స్లైడ్ అంటాం. కింద పరుగెత్తే అక్షరాలను స్క్రోలింగ్ అంటాం. ఆరేళ్లుగా ఇదే పద్ధతి.

ఆ ఎండాకాలంలో అత్వెల్లి నుంచి నర్సిరెడ్డి పటేల్ వచ్చాడు. భూములున్న పెద్దాయన. వాళ్ల ఊళ్లో కోళ్ల దాణా మిల్లులో పనిచేసే యాదగిరి కూతురు లావణ్యకు బ్లడ్ క్యాన్సర్ అని తేలిందట. నాలుగేళ్ల పిల్ల. మందు బాగా పనిచేస్తోందనీ, అయితే మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తుతుందనీ పట్నంలో డాక్టర్లు చెప్పారట. మొదటి నెల ఖర్చు ఊరు భరించింది. రెండో నెల ఇంజెక్షన్లకు ఇంకో వారమే గడువుంది. టీవీలో నాలుగు మాటలు వేయమని అడిగాడు.

"టీవీల ఏస్తే రేపు పొద్దుగాలకు జనం లైన్ కడ్తరు పటేలా" అన్నాను. నాకు నా ఛానల్ మీద అంత నమ్మకం.

పాప ఫోటో తెర నిండా పెట్టాను. కింద సాయం చేయమని స్క్రోలింగ్. విషయం బాధాకరం కాబట్టి హుషారు పాట బాగుండదని వేణువు క్యాసెట్ పెట్టాను. సాయంత్రమంతా అరగంటకోసారి వేశాను. ఫోన్ ఒక్కటీ మోగలేదు. ఫోనే చెడిపోయిందేమోనని రెండుసార్లు ఎత్తి చూశాను.

మర్నాడు పొద్దున జనం నిజంగానే లైన్ కట్టారు. నా ఆఫీసు ముందు కాదు, అత్వెల్లిలో యాదగిరి ఇంటి ముందు. తల్లిదండ్రులిద్దరూ ఆసుపత్రిలో పిల్ల దగ్గరున్నారు. ఇంట్లో ఉన్నది యాదగిరి తల్లి మల్లవ్వ ఒక్కతే. ఆడవాళ్లు ఏడ్చుకుంటూ వచ్చి ఆమెను పట్టుకున్నారు. రాత్రి టీవీలో ఆ ఫోటో చూసి తెల్లవార్లూ భయపడుతున్న మల్లవ్వ, పిల్ల పోయిన సంగతి కొడుకు తనకు చెప్పకుండా దాచాడనుకుంది. ఎవరిదో ఆటో ఎక్కి నేరుగా నా గదికి వచ్చింది.

"మా పిల్లకు ఏమైంది? నిజం జెప్పు" అంది.

"ఏం కాలే అవ్వా. మంచిగనే ఉంది. సాయం కోసం ఏసిన."

"మంచిగుంటే గా పాట ఎందుకు ఏసినవ్? మా ముసలాయన పోయిన్నాడు గూడ గదే ఏసినవ్ గద."

ఆమెకు అక్షరాలు రావు. ఫోటో చూసింది, వేణువు వింది. ఆ రెండూ కలిస్తే అర్థమేమిటో ఆరేళ్లుగా ఊరందరికీ నేర్పింది నేనే. బతికున్న పిల్లను ఒక రాత్రంతా చనిపోయినవాళ్ల వరసలో నిలబెట్టాను. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

యాదగిరి రోజూ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి పటేల్ ఇంటికి ఫోన్ చేసేవాడట. అప్పటిదాకా ఆమెను ఆగమనడానికి నాకు మనసొప్పలేదు. స్కూటర్ మీద ఎక్కించుకుని పట్నం బయల్దేరాను. ఆసుపత్రి వరండాలో జుట్టు రాలిన లావణ్య, మూతికి మాస్క్ కట్టుకుని తల్లి కొంగు లాగుతూ ఏదో గొడవ చేస్తోంది. మల్లవ్వ కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది.

"కెమెరా తీస్కరా. గిట్ల ఆడుతున్న పిల్లను సూపెట్టు అందరికి."

బోనాలకూ సభలకూ వాడే వీడియో కెమెరా నా దగ్గర ఉంది. ఆ మధ్యాహ్నమే మళ్లీ వెళ్లి, అక్కడి నర్సు ఇచ్చిన ఐదు నిమిషాల్లో తీశాను. పిల్ల కెమెరా అద్దంలోకి తొంగిచూసింది, మాస్క్ వెనక నవ్వింది, నా చెప్పు దాచేసింది. వేణువు లేదు. ఆ నవ్వూ ఆ గొడవా ఉన్నదున్నట్టు వేశాను. స్క్రోలింగ్‌లో ఉన్నదంతా ఈసారి గొంతుతో కూడా చెప్పాను.

ఫోన్ మోగడం మొదలైంది. కాలనీ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి భార్య, గుంటూరు వైపు ఆవిడ, స్వయంగా వచ్చింది. మొన్న కూడా ఇదే అడిగానని చెబితే ఆశ్చర్యపోయింది. "అయ్యో, మేం చదవనే లేదండీ. ఆ వేణువు వినగానే ఎవరో పోయారనుకుని ఛానల్ మార్చేశాం" అంది. చదువు రాని మల్లవ్వ, చదువుకున్న ఈవిడ, ఇద్దరూ నా తెరను ఒకే రకంగా చదివారు. ఇంజెక్షన్ల గడువుకు రెండు రోజుల ముందే కావలసింది సమకూరిందని పటేల్ కబురు పంపాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. నెల తిరగకముందే "పిల్ల ఎట్లుంది? సూపెట్టవా?" అని కనెక్షన్ డబ్బులకు వెళ్లిన ప్రతి ఇంట్లో అడగసాగారు. కొందరు జవాబు చెప్పేదాకా డబ్బులివ్వలేదు. ఇక నెలకోసారి వెళ్లి తీసేవాణ్ణి. జుట్టు మళ్లీ రావడం, పలక పట్టడం, బడికి పోనని మొండికేయడం, అన్నీ ఊరు చూసింది. మూడో ఏడు గడుస్తున్నా సాయం ఆగలేదు. జనం ఒకసారి జాలిపడి ఇస్తారు. తాము ఇచ్చింది ఏమైందో కళ్లారా చూస్తుంటే మళ్లీ మళ్లీ ఇస్తారు. నా వృత్తి నాకు నేర్పిన పాఠం అదే.

2004లో డాక్టర్లు ఇక మందులు అక్కర్లేదన్నారు, అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలన్నారు. చివరిసారి తీయడానికి అత్వెల్లి వెళ్లాను. ఏడేళ్ల లావణ్య కొత్త గౌను తొడుక్కుని, రెండు జడలు వేసుకుని, చేతులు కట్టుకుని, ఫోటోకు నిలబడ్డట్టు గుమ్మం ముందు బిగుసుకుని నిలబడింది. నేను కెమెరా ఆన్ చేశాను. పిల్ల రెప్ప కూడా వేయడం లేదు.

లోపలి నుంచి మల్లవ్వ చేటతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"గట్ల నిలవడకు బిడ్డా. కదులు. జెర కదులు."