బండి మీది ట్రాన్స్‌ఫార్మర్

మా దగ్గర పొలాల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దించేదీ మోసేదీ రైతులే. ఈ రోజు పొద్దున్నే దాన్ని ఎడ్లబండి మీద వేసుకుని, దేవరుప్పుల దాటి కరెంటు ఆఫీసుకు పోయాము.

"సారూ, మా ట్రాన్స్‌ఫర్ కాలింది. వరి పొట్టకొచ్చింది, నీళ్లు లేక ఎండుతున్నది" అన్నాను.

గుమస్తా పకపకా నవ్వి పక్కవాళ్లను కూడా పిలిచాడు. "ట్రాన్స్‌ఫర్ అంటే బదిలీ, తాతా. కాలేది ట్రాన్స్‌ఫార్మర్. ఏదీ, ఇంకోసారి అను!"

"నేను ఎట్లన్నా, అది గేటు కాడ బండి మీదనే ఉన్నది. జర లేచి చూడుండ్రి."

లేవలేదు. వారం తర్వాత రమ్మన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ అనే మాట నాకిప్పుడు బాగా వచ్చింది. వారం ఆగమని వరికి ఏ మాటతో చెప్పాలో, చదువుకున్న మీరే చెప్పండి.