అందరికీ ఒకే పాస్‌వర్డ్

నా పాస్‌వర్డ్‌లు చూసి మా ఆవిడ నవ్వుతుంది. కరెంటు బిల్లు చూసుకోవడానికి ఇరవై అక్షరాలా, మనింట్లో ఏం నిధులున్నాయని అంటుంది. నేను ఇరవయ్యీ కొడుతూనే ఉంటాను. ఓటీపీ రావడం నిమిషం ఆలస్యమైందని ఎవరైనా విసుక్కుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కూర్మన్నపాలెం జంక్షన్‌లో నాకు చిన్న నెట్ సెంటర్ ఉండేది. వచ్చేవాళ్ళలో సగం మందికి మెయిల్ నేనే తెరిచి ఇచ్చేవాణ్ణి. పాస్‌వర్డ్ మరిచిపోయి మాటిమాటికీ నా ప్రాణం తీస్తున్నారని అందరికీ ఒకటే పెట్టేశాను. మా షాపు పేరు, పక్కన ఒకటి, రెండు, మూడు. రహస్య ప్రశ్న దగ్గర చేతికొచ్చిన అక్షరాలు నొక్కేసేవాణ్ణి. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో చేపలు అమ్మే ఒకావిడకీ, ఆమె భర్తకీ అలాగే తెరిచిచ్చాను. అతను సరుకు ఓడలో ఖలాసీ. ఓడ రేవులో ఆగినప్పుడల్లా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపేవాడు. ఆమెకు చదువు రాదు. ఆదివారం గంప ఖాళీ కాగానే వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా పక్కన స్టూలు మీద కూర్చునేది. నేను చదివేవాణ్ణి. పెద్ద సంగతులేమీ ఉండేవి కావు. ఓడలో కూరలు చప్పగా ఉంటున్నాయనీ, గొడుగు లేకుండా ఎండలో తిరగొద్దనీ, వానలు రాకముందే ఇంటికప్పు బాగుచేయించమనీ రాసేవాడు.

ఒక వేసవిలో అతను నడిసముద్రంలో ఓడ మీంచి పడిపోయాడని కబురొచ్చింది. శవం దొరకలేదు. నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చి అదే స్టూలు మీద కూర్చుంది.

“పాతయ్యే సదువు బాబూ.”

మొత్తం పద్నాలుగు ఉత్తరాలు. వారానికి రెండో మూడో చదివించుకునేది. ప్రింటు తీసిస్తానక్కా అన్నాను ఒకసారి.

“కాయితం నానేటి సేసుకోను? నువ్వు సదివితే మావ మాటాడినట్టుంటాది” అంది.

సరేలే అని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

ఆ వానాకాలంలో ఎవరో నా పాస్‌వర్డ్ పట్టేశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. నేను తెరిచిచ్చిన మెయిళ్ళన్నీ వారం రోజుల్లో చేజారిపోయాయి. మిగతావాళ్ళు నన్ను నాలుగు తిట్టి కొత్తవి తెరిపించుకున్నారు. ఆమెదీ, అతనిదీ కూడా పోయాయి. తిరిగి తెరుద్దామని చూస్తే, మీ సొంత ఊరేదని రహస్య ప్రశ్న అడిగింది. మొదట తెరిచినప్పుడు నా వేళ్ళు ఏం నొక్కాయో నాకే గుర్తులేదు. ఊరి పేరు నిజంగా రాసి ఉంటే ఆ ఉత్తరాలు దక్కేవి.

ఆదివారం ఆమె వచ్చింది. జరిగింది చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని, “నీకు గుర్తున్నకాడికి సెప్పు బాబూ” అంది.

చెప్పడం మొదలుపెట్టాను. కూర చప్పన, గొడుగు, ఇంటికప్పు. ఆమె తలూపుతూ వింది. నాకు గుర్తున్నవి అయిపోయాయి. ఆమె ఇంకా నా ముఖమే చూస్తోంది. ఏం చేయాలో తెలియక, “నిన్ను చూడాలనుంది అని కూడా రాశాడక్కా” అన్నాను.

ఆమె తలూపడం ఆపింది.

“మావ ఆ మాట ఎప్పుడూ రాయనేదు బాబూ. రాసుంటే నాకు గురుతుండదా?”

గంప నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది. మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు.