చిన్నమ్మకు లీవు లేదు

కోలారు నుంచి కేజీఎఫ్‌కు వెళ్లే సాయంత్రం బస్సులో ఒకామె వచ్చి నా పక్కన కూలబడింది. మెడలో వేమగల్ ఫ్యాక్టరీ ఐడీ కార్డు. ఒళ్లో సంచిలో ఒక పూలమాల. పొద్దున కొన్నదేమో, వాడిపోయింది.

నా ఫోన్‌లో, ఒక వీడియోలో, ఒక ముసలావిడ పిల్లలకు లకోటా మాటలు నేర్పుతోంది. అమెరికా ఆదివాసుల భాష అది. మాట్లాడేవాళ్లు కొద్దిమందే మిగిలారు.

“ఏం చెప్తా ఉండాదమ్మా ఆ అవ్వ?”

“వాళ్లు అమ్మను ‘ఇనా’ అంటారట. అమ్మ చెల్లెల్ని కూడా ఇనా అనే పిలవాలట.”

 ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

“మా చిన్నమ్మ రాత్రి పోయిందమ్మా. నన్ను పెంచింది ఆమే. లీవడిగితే, కన్నతల్లికైతేనే ఇస్తాము, చిన్నమ్మకు లేదు అన్నాడు సూపర్‌వైజరు. మద్యానమే మట్టి చేసేసినారంట. ఇంగ యాడ చూసేది ఆ మొకం?”

ఫోన్‌లో వీడియో అయిపోయింది.

“ఇంగోసారి పెట్టమ్మా,” అంది.

పెట్టాను. అవ్వ చెప్పింది, పిల్లలు పలికారు. వాళ్ల వెనకే ఆమె కూడా, పెదవులు కదిలీ కదలకుండా, “ఇనా” అంది.

సమాధుల తోట దగ్గర బస్సు ఆగింది. ఆమె ఐడీ కార్డు మెడలోంచి తీసి సంచిలో పడేసి, మాల చేతిలోకి తీసుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“ఆ అవ్వ ఊర్లో చిన్నమ్మ పోతే లీవిస్తారా అమ్మా?”

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.